తొమ్మిది యక్షరముల మాట

పత్రికా సంపాదకులు ఈ సంవత్సరపు సంచికకుఁగాను నన్నొక వ్యాసము వ్రాసి పంపుమని కోరిరి. పూర్వవిద్యార్థులు సాధారణముగా మన వేపచెట్టును గూర్చియు, మధ్యాహ్నపు గంటను గూర్చియు, వానకాలమున నీట మునిఁగెడి యాటస్థలమును గూర్చియు వ్రాయుచుందురు. అవి నాకును ప్రియములే. కాని నేను ఈ పాఠశాలలో విద్యార్థిగా ఎనిమిదేండ్లును, ఇంగ్లీషు ఉపాధ్యాయుఁడనుగా ఇరువదితొమ్మిదేండ్లును గడపినవాఁడను. ఇన్ని సంవత్సరములలో నాకు మిక్కిలి పాఠము చెప్పినది ఒకే యొక మాట. అది ఏ పాఠ్యపుస్తకమునను లేదు. ఒక యాసుపత్రి ద్వారముపై నుండెను. దానిని గూర్చియే వ్రాయుచున్నాను. వ్యాకరణమనఁగానే పుట త్రిప్పివేయు బాలురు కొంత యోపిక పట్టవలెనని వేఁడుచున్నాను.

మా తండ్రిగారిని పెద్దలలోఁ బెక్కండ్రు ఎఱుఁగుదురు. వారు ఈ పాఠశాలలోనే తెలుఁగు పండితులుగా నుండి 1986 లో విశ్రాంతి గైకొనిరి. వారి కంఠమును నేను పొగడుట యుచితము కాదు. అయినను ఒక్క సంగతి చెప్పక తప్పదు. ఉదయపు సమావేశమున వారు పద్యము చదివినప్పుడు ప్రహరీ గోడ కావల పశువులను మేపు పిల్లలు గూడ నిలిచి వినెడివారు. మైకు చెడిపోయిన దినములలో ప్రధానోపాధ్యాయులవారి ప్రకటనలను గూడ వారే చదివెడివారు. అట్టి గొంతు 1991 వేసవిలో బొంగురుపోయెను.

మొదట మే మెవ్వరము దానిని లెక్కింపలేదు. మిరియాల కషాయము, పాలలోఁ బసుపు, తేనె, అల్లపురసము, ఇరుగుపొరుగువారు చెప్పినవన్నియు ఇచ్చితిమి. రెండు నెలలు గడచెను. మా యూరి వైద్యులొకరు వారి మాట విని, "మూఁడు వారములు దాఁటిన బొంగురును ఇంటిమందులకు వదలరాదు. ఇంతకాల మేల యూరకుంటిరి?" అని మందలించి, పెద్ద యాసుపత్రికిఁ బోవలసినదని చీటి వ్రాసి యిచ్చిరి. ఈ యొక్క వాక్యమును మాత్రము పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మిగిలిన వ్యాసమును మఱచినను నాకుఁ జింత లేదు.

పెద్ద యాసుపత్రిలో వరండాలన్నియు ఒకే తీరుగ నుండెను. ఒక ద్వారమువద్ద జనులు బారులు తీరి యుండిరి. ద్వారముపై నీలిపలకమీఁదఁ దెల్లని యింగ్లీషు లిపిలో ఒకే మాట యుండెను. తెలుఁగు లేదు. మా తండ్రిగారు ప్రక్కనున్న రైతులతో గుసగుసగా, "మా వాఁడు ఇంగ్లీషు మేష్టరు. వాఁడు చదువును" అని చెప్పి, నావైపు తిరిగి, "ఏమిరా అబ్బాయీ, ఏమని యున్నది?" అని యడిగిరి.

నేను పలకవంకఁ జూచితిని. 19 వర్ణములు. ఎక్కడ ఊపిరి పీల్చుకొనవలెనో తెలియదు. రైలుబండి పెట్టెలు లెక్కపెట్టువానివలె మెల్లమెల్లగా, "ఓ... టో... రి... హి... నో... లా... రిన్... గో... లో... జీ" అని చదివితిని. ఒక యక్షరము నధికముగఁ జేర్చితిని గూడ. బల్లవద్ద కూర్చున్న గుమాస్తా నవ్వి, "ఈయెన్టీ కావలెనని చెప్పరాదా, మేష్టరుగారూ?" అనెను. రైతులును నవ్విరి. మా తండ్రిగారు మాత్రము నవ్వలేదు. అదియే నాకు మిక్కిలి బాధ కలిగించినది.

లోపల వైద్యులు నుదుటికి గుండ్రని యద్దము కట్టుకొని యుండిరి. చిన్న పిడిగల మఱియొక యద్దమును ఆవిరి పట్టకుండునట్లు వెచ్చఁజేసి, మా తండ్రిగారి నాలుకను గాజుగుడ్డతోఁ బట్టుకొని ముందునకు లాగి, ఆ యద్దమును గొంతువెనుకకుఁ జేర్చి, "ఈ... అనుఁడు, ఇంకను, ఇంకను" అనిరి. వెలుపలికి వచ్చిన తరువాత మా తండ్రిగారు, "దీర్ఘము చాలదఁటరా, ఆయనకుఁ బ్లుతము కావలెను" అనిరి. జబ్బులోఁ గూడ వారు మాత్రలను లెక్కింపక మానలేదు.

ఆ యద్దమును గూర్చి నేను పిమ్మటఁ జదివితిని. దాని నట్లు వాడి సజీవకంఠములోని స్వరపేటికను స్పష్టముగఁ జూచి వర్ణించిన ప్రముఖుఁడు వైద్యుఁడు కాఁడు. మాన్యుయెల్ గార్సియా యను సంగీతోపాధ్యాయుఁడు, స్పెయిను దేశీయుఁడు. శిష్యులకుఁ బాట చెప్పుచు, ఈ నాదము ఎక్కడఁ బుట్టుచున్నదో చూడవలెనని కోరి, 1854 లో దంతవైద్యుల చిన్న యద్దమును గొంతులో నుంచుకొని, మఱియొక యద్దముతో సూర్యకాంతిని లోనికిఁ బంపి, తన గొంతును తానే చూచుకొనెను. మఱుసటి యేఁడు లండనులోని రాయల్ సొసైటీకి ఆ వృత్తాంతమును నివేదించెను. 1805 లోఁ బుట్టి 1906 వఱకు జీవించెను. ఈ సంగతి చెప్పినప్పుడు మా తండ్రిగారు, "పంతులే కదా కనిపెట్టినది!" అని సంతోషించిరి.

వారము దినముల తరువాత మరల రమ్మనిరి. నే నా వారమంతయు ఆ మాటమీఁదఁ గూర్చుంటిని. ఈసారి గుమాస్తా యెదుటనే తప్పులేకుండఁ బలికి తీరవలెనని నా పంతము. మన గ్రంథాలయములో అట్టలు చినిఁగిన పాత యమెరికా నిఘంటువొకటి యుండెను. అందులో మాట తునుకలు తునుకలుగా విడఁదీసి, ఒకచోట చిన్న గీత యుంచఁబడినది. డేనియల్ జోన్సుగారు 1917 లో మొదట వెలువరించిన ఉచ్చారణ నిఘంటువును చదివిన యలవాటు నాకుఁ గలదు; అందు గీత ఏ యక్షరమునకు ముందున్నదో ఆ యక్షరమును నొక్కి పలుకవలెను. ఈ నిఘంటువునను అట్లే యనుకొని, "లారింగా-లో-జీ" యని 'లో'ను సుత్తితోఁ గొట్టినట్లు కొట్టుచు ఇంటిలో ఏడు దినములు సాధన చేసితిని. మా యావిడ విసిగి వంటయింటి తలుపు వేసికొనెను.

రెండవసారి వెళ్లినప్పుడు గుమాస్తా లేఁడు. వైద్యులకే ఆ మాటను వినిపించితిని. ఆయన యువకుఁడు, మర్యాదస్థుఁడు. నవ్వక, "మాష్టరుగారూ, 'గా' దగ్గర నొక్కుఁడు. లారిం-గా-లజి. మీరు బయాలజి యనునప్పుడు ఎక్కడ నొక్కుదురు?" అని యడిగెను. నేను "బ-యా-లజి" యంటిని. "ఇదియు అదే" యనెను. నా కన్నులు తెఱువఁబడెను. ఇంటికి వచ్చి నిఘంటువు పీఠికను చదువఁగా, ఆ గ్రంథమున గీత నొక్కవలసిన యక్షరమునకు తరువాత నుంచఁబడునని స్పష్టముగా వ్రాసియున్నది. పీఠికలు చదువుఁడని పిల్లలకు బోధించు నేనే పీఠికను చదువలేదు!

ఆనాఁడే వైద్యులు మా తండ్రిగారి గొంతునుండి చిన్న తునుకను తీసి పరీక్షకుఁ బంపి, పదిదినముల తరువాత రమ్మనిరి. ఆ పదిదినములు ఇంటిలో ఏమి మాటలాడవలెనో ఎవరికిని తోఁచలేదు. భయమును గూర్చి మాటలాడుట కిష్టము లేక మేమిద్దఱము ఆ మాటను గూర్చియే మాటలాడితిమి. మా తండ్రిగారికి గుసగుస మాత్రము మిగిలియుండెను.

మొదట నేను దాని నంగములను చెప్పితిని. గ్రీకుభాషలో 'ఓటో' యనఁగా చెవి, 'రైనో' యనఁగా ముక్కు, 'లారింగ్' అనఁగా స్వరపేటిక, కడపటిది శాస్త్రము. 'రైనో'లోని 'హ' వ్రాఁతలో నున్నను పలుకులో లేదు. నేను పలకవద్దఁ జేర్చిన యధికాక్షర మదియే. మా తండ్రిగారు విని, "ఇది సమాసమురా, ద్వంద్వమునకుఁ దోఁక తగిలించినారు" అనిరి. పిమ్మట, "పదచ్ఛేదము సరియే. కాని ఊపిరి అక్కడ విఱుగుట లేదే!" అనిరి. అది నిజము. అర్థమును బట్టి విభజించినచో 'లారింగ్' ఒక భాగము, 'ఆలజి' వేఱొక భాగము. నోటితోఁ బలికినచో 'గ' కారము వెనుకనుండి తెగివచ్చి 'ఆ'తోఁ గలసి 'గా' యగుచున్నది. మన సంధిలో 'రాముఁడు అతఁడు' అనునవి 'రాముఁడతఁడు' అయినప్పుడు 'డ' యెవరిది? మొదటి పదముదా, రెండవ పదముదా? ఇరువురిదియు. పంక్తి చివర మాటను విఱువవలసినప్పుడు ఇంగ్లండు ముద్రాపకులు తఱచు పుట్టుకను, అమెరికావారు తఱచు పలుకును అనుసరింతురు. ఈ వివాదము మన పండితులకుఁ గ్రొత్త కాదని మా తండ్రిగారు చిఱునవ్వు నవ్విరి.

తరువాత వారు పలకయు బలపమును దెమ్మనిరి. తొమ్మిది యక్షరములను తెలుఁగులో వ్రాసి పైన గురులఘువులను గుర్తించిరి. ఓ, టో, రై, నో, లా, రిం, గా: వరుసగా ఏడు గురువులు. "ఇదేమిరా, ఎద్దులబండి రాళ్లమీఁదఁ బోయినట్లున్నది. దొరలు దీనిని ఇట్లే పలుకుదురా?" అనిరి. పలుకరని చెప్పితిని. మన భాషలో అక్షరమునకు బరువు మాత్రలను బట్టి వచ్చును. దీర్ఘమైనను, సున్న యున్నను, వెనుక సంయుక్తాక్షర మున్నను అది గురువు. ఎవఁడు పలికినను గురువే. ఇంగ్లీషులో బరువు ఊఁతను బట్టి వచ్చును. ఊఁతగల యక్షరము గట్టిగా, హెచ్చుస్థాయిలో, తేటగాఁ బలుకఁబడును. ఊఁత లేనిది కృశించును. దాని యచ్చు అకారము గాదు, ఒకారము గాదు, ఉకారము గాదు, ఒక మసక ధ్వనిగా మాఱును. మన యక్షరమాలలో దానికి గుర్తు లేదు. ఇంగ్లీషులో అన్ని యచ్చులకంటె ఎక్కువగా వినఁబడునది ఆ మసక ధ్వనియే! మన బాలురు ఇంగ్లీషును చక్కగఁ జదివియు వినువారికి దుర్బోధముగా నుండుటకు ఇదియొక ముఖ్యకారణము. మన నాలుక అన్ని యక్షరములను సమానముగా నాదరించును. ఆ గుణము వేఱుచోట్ల మంచిదే.

"అట్లయిన 'టో'ను 'టొ' యని, 'నో'ను 'నొ' యని కుఱుచఁ జేయుదము" అని మా తండ్రిగారు దిద్దిరి. 'రిం' మాత్రము సున్నవలన గురువై మొండికెత్తెను. వారు క్షణ మాలోచించి సున్నను సగముచేసి 'రిఁ' అని యరసున్న పెట్టిరి. అది లఘువాయెను. నేను ఇంగ్లీషు ఉచ్చారణకు అరసున్న యుపయోగపడుట జీవితములో మొదటిసారి చూచితిని. ఇప్పుడు మాట యిట్లయ్యెను: ఓటొ, రైనొ, లారిఁ, గాలజి. మొదటి మూఁడును గురువొకటి లఘువొకటి, అనఁగా హగణములు. కడపటిది గురువుమీఁద రెండు లఘువులు, అనఁగా భగణము. ఆశ్చర్యమేమనఁగా ఇంగ్లీషువారి యూఁత సరిగా ఈ గురువులమీఁదనే పడును. ఓ, రై, లా యనుచోట్ల తేలిక యూఁత, గా యనుచోటఁ బ్రధానమైన యూఁత.

మా తండ్రిగారి ముఖము వెలిఁగెను. "హగణము సూర్యగణము. మూఁడు సూర్యగణములు, ఒక యింద్రగణము. ఇంకొక యింద్రగణ ముండినచో ఆటవెలఁది మొదటి పాదము!" అని, వెంటనే 'యేమిరా' యని రగణమును జేర్చి, "ఓటొ రైనొ లారిఁ గాలజి యేమిరా" యని పలకపై పూర్తిచేసిరి. గుసగుసగాఁ జదివిరి. తల యడ్డముగా నూఁపి, "యతి చెల్లలేదు. ఓకారమునకు 'గా'తో మైత్రి యెక్కడిది? ప్రాసయతియుఁ గుదరదు. దుష్టపాదము" అని చెరిపివేసిరి.

భగణపు సంగతి మాత్రము చెరఁగలేదు. నేను ఇంగ్లీషు మాటలను ఒక్కొక్కటిగఁ జెప్పఁగా వారు పరీక్షించిరి. బ-యాలజి. జి-యాలజి. జి-యాగ్రఫి. ఫొ-టాగ్రఫి. డి-మాక్రసి. అన్నియు భగణాంతములే. చివరినుండి మూఁడవ యక్షరముమీఁద నూఁత పడునని ఇంగ్లీషు వ్యాకర్తలు చెప్పు సూత్రమును మా తండ్రిగారు ఇంగ్లీషు రాకుండఁగనే కనిపెట్టిరి. పిమ్మట నేను తరగతిలో ఈ మార్గముననే చెప్పుచు వచ్చితిని. అయితే ప్రతి తోఁకకును ఒకే నియమము లేదని గూడ పిల్లలు తెలిసికొనవలెను. ఫోటోగ్రాఫ్ అనునప్పుడు ఊఁత మొదట. ఫొటాగ్రఫి యనునప్పుడు రెండవ యక్షరమున. ఫోటోగ్రాఫిక్ అనునప్పుడు మూఁడవ యక్షరమున. మాట ఒకటే, తోఁక మాఱినకొలఁది ఊఁత కాలు సాఁచి ముందునకు నడచును. గొంతుమాటలు ఇంకను చిత్రములు. లారింక్స్ అనుచోట 'లా'ను నొక్కవలెను. స్వరపేటికను చూచు సాధనము లరింగోస్కోప్. ఇందు 'రిం'ను నొక్కఁగా 'లా' చిక్కిపోవును. ఆ చూచుటకే పేరు లారింగాస్కపి, ఇందు 'గా'. గొంతువాపు లారింజైటిస్, ఇందు 'జై'. గకారము 'ఐ' ధ్వని ముందు జకారమైనది. ఒకే కుటుంబమువారు వేఱువేఱు వేషములు వేసికొన్నట్లున్నది.

పదియవ దినమున నేనొక్కఁడనే వైద్యులగదిలోనికిఁ బిలువఁబడితిని. ఆ యువకుఁడు కాగితము నాయెదుట నుంచి ఒక మాట పలికెను. లారింజెక్టమి. ఐదక్షరములు. నొక్కు 'జెక్' మీఁద. నే నాశ్చర్యపడిన దేమనఁగా, నా చెవి మొదట గ్రహించినది దాని యర్థమును కాదు. అది కూడ భగణాంతమనుటయే. భయపడిన మనస్సు ఇట్టి చోట్ల దాఁగుకొనును గాఁబోలు.

వెలుపల మా తండ్రిగారు బల్లమీఁదఁ గూర్చుండి యుండిరి. "ఏమనిరి?" అని పెదవులతో నడిగిరి. నేను ఇంగ్లీషు మాటనే చెప్పితిని. తెలుఁగులోఁ జెప్పుటకు నోరు రాలేదు. వారు వ్రేళ్లమీఁద లెక్కించి, "హగణము, భగణము" అనిరి. తరువాత, "లారింగ్ అనఁగా స్వరపేటిక. తక్కినదానికి నర్థమేమి?" అని యడిగిరి. ఏ విద్యార్థి యడిగినను నేను తడవుకొనక చెప్పుదును. 'ఎక్' అనఁగా వెలుపలికి; 'టొమీ' యనఁగాఁ గోఁత. నేను 'ఎక్ అనఁగా వెలుపలికి' అని యాగితిని. వారు చాలసేపు నా ముఖమును జూచి, "ఇఁకఁ జెప్పనక్కఱలేదు. మాట తెలిసినది" అనిరి. మేమిద్దఱము ఆ వరండాలో ఎంతసేపు కూర్చుంటిమో నాకు జ్ఞప్తి లేదు.

ఇచ్చట ఒక విషయమును బాలబాలికలకుఁ జెప్పెదను. శస్త్రచికిత్సల పేర్లలో మూఁడు తోఁకలు గలవు. అవి వినుటకు ఇంచుమించుగ నొకటే. 'ఆటమి' యనినచోఁ గోసి తెఱచుట. 'ఎక్టమి' యనినచోఁ గోసి తీసివేయుట. 'ఆస్టమి' యనినచో ద్వారము నేర్పఱచుట, ఏలయనఁగా గ్రీకున 'స్టోమా' యనఁగా నోరు. ఈ మూఁడింటికిని భేద మెక్కడ? 'ఆట్', 'ఎక్', 'ఆస్' అనుచోట. ఊఁత యెక్కడ? సరిగా అక్కడనే. వెనుకనున్న 'టమి' మూఁడింటికిని సమానము. దానిని మసకగఁ బలికినను నష్టము లేదు. ఊఁతను తప్పుచోట నుంచి 'టమీ' యని సాగఁదీసినచో, రోగి గొంతును తెఱచుదురో, తీసివేయుదురో వినువానికిఁ దెలియదు. నేను ఊఁతను అంతవఱకు ఒక యలంకారమనుకొంటిని, సభలో నవ్వులపాలు గాకుండుటకు నేర్చుకొను మర్యాద యనుకొంటిని. ఆ వరండాలో అది యట్టిది కాదని తెలిసెను.

శస్త్రచికిత్స జరిగెను. స్వరపేటికను తీసివేసి, ఊపిరిగొట్టమును మెడముందరి ద్వారమునకుఁ జేర్చిరి. పదిదినములకుఁ బైగా ముక్కునుండి వేసిన గొట్టముద్వారా ద్రవాహారమే. మా తండ్రిగారు మేలుకొని, చేతితో మెడను తడవి చూచుకొని, పలక నడిగి, "రెండవ నోరు" అని వ్రాసిరి. 'స్టోమా'కు నేను చెప్పిన యర్థమును మఱవలేదు. ఊపిరి మెడనుండి పోవుటచే వారికి వాసనలు సరిగాఁ దెలియకపోయెను. మల్లెపూవులను తెచ్చియిచ్చినప్పుడు మర్యాదకొఱకు తల యూఁపెడివారు. స్వరపేటిక లేనివారు మాటలాడుటకు మార్గములు గలవు. అన్ననాళములోనికి గాలిని మ్రింగి, దానిని వెలుపలికిఁ దెచ్చి పలుకుట కొందఱు నేర్చుకొందురు. మెడకానించి పలుకు యంత్రములును, శస్త్రముచే నమర్చు చిన్న కవాటములును గలవు. వైద్యులు మా తండ్రిగారికి మొదటిదానిని నేర్పఁజూచిరి. వారు రెండుదినములు ప్రయత్నించి, "ఈ గాలికి ఛందస్సు కుదరదు" అని పలకపై వ్రాసి మానివేసిరి. అది తప్పని నేఁటికిని నా యభిప్రాయము, బ్రతిమాలవలసినంత బ్రతిమాలనైతిని.

దానికి బదులు వారు మంచపుకోడును వ్రేలికణుపుతోఁ గొట్టుట నేర్చిరి. కణుపుతోఁ గొట్టినది గురువు. వ్రేలికొనతోఁ దట్టినది లఘువు. నీళ్లకు నొకటి, పలకకు నొకటి, నన్నుఁ బిలుచుటకు నొకటి. నన్నుఁ బిలుచు గుర్తు భగణము: ఒక గట్టి దెబ్బ, రెండు మెల్లని తట్లు. సాయంకాలములందు నేను ఇంగ్లీషు మాటలను పలుకుచుండఁగా వారు కోడుపై ఊఁతలను కొట్టెడివారు. నేను తప్పు చోట నొక్కినచో చేయి యాపి నావంకఁ జూచెడివారు. ఇంగ్లీషు తెలియని పండితుఁడు, గొంతులేని పండితుఁడు, నా యుచ్చారణను దిద్దెను. తరగతిలో నేను బల్లను కొట్టుచు పాఠము చెప్పుట చూచి నవ్విన మీ తండ్రులును తల్లులును ఇప్పుడైన కారణమును దెలిసికొందురు.

వారు ఇంక నాఱు సంవత్సరములు జీవించి 1997 లో నిదురలోఁ బోయిరి. గుమాస్తా యెదుట ఆ మాటను సరిగాఁ బలికి చూపవలెనను నా పంతము మాత్రము తీరలేదు. తరువాతి పరీక్షలకుఁ బోయినన్నాళ్లును ఆ బల్లవద్ద వేఱొకరుండిరి. వారితో నేను ఈయెన్టీ యనియే చెప్పితిని.

ఇంకొక సంగతి. శస్త్రచికిత్స జరిగిన రెండవ నెలలో ఒక ఉదయమున నేను బడికి వచ్చుటకు సిద్ధపడుచుండఁగా మంచపుకోడుమీఁద భగణము వినఁబడెను. వెళ్లితిని. మా తండ్రిగారు పలకను నా కందిచ్చిరి. రాత్రియంతయు మేలుకొని యుండిరని కన్నులే చెప్పుచుండెను. పలకపై పాత దుష్టపాదమునకు బదులుగా ఈ పాదము వ్రాయఁబడి యుండెను:

గొంతు ముక్కు చెవులు గూర్చిన శాస్త్రము

సూర్యగణములు మూఁడు, ఇంద్రగణములు రెండు. 'గొ'కును 'గూ'కును యతి చెల్లినది. వారు ఆ రెంటి క్రిందను గీతలు గీచి యుంచిరి. గ్రీకు మాట చెవితో మొదలై గొంతుతో ముగియును. మా తండ్రిగారు గొంతును ముందు పెట్టిరి. యతికొఱకే పెట్టితిరా యని నే నడుగలేదు.